లక్షా ఎనభై అయిదు వేల సంచి, నా మెస్సు లెక్క

మూడో_అంతస్తు (చర్చ మొదలుపెట్టినవారు) | ఆదివారం, రాత్రి 10:40

నేను బెంగళూరులో ఎం.టెక్. మొదటి ఏడాది చదువుతున్నాను. మడివాళలో పీజీ, అంటే డబ్బు కట్టి ఉండే ప్రైవేటు హాస్టలు, మూడో అంతస్తు, గదికి ముగ్గురం. అద్దె, తిండి కలిపి నెలకు 7,500. గేట్ ప్రవేశ పరీక్ష రాసి చేరాను కాబట్టి నెలకు 12,400 స్కాలర్‌షిప్పు. ఒక్కో నెల రాదు, తర్వాత రెండు నెలలదీ కలిపి వస్తుంది. ఈ అంకెలు ముందే చెప్పడం ఎందుకంటే కింది కథంతా వాటి మీదే నడుస్తుంది.

నిన్న మా క్లాసు మిత్రుడు వాళ్లమ్మ యాభయ్యో పుట్టినరోజుకు ఏదో కొనాలి, తోడు రమ్మన్నాడు. కబ్బన్ పార్కు దగ్గర మెట్రో దిగి, చెట్ల కింద నుంచి నడుచుకుంటూ విఠల్ మాల్యా రోడ్డులో యూబీ సిటీ అనే ఖరీదైన మాల్‌కు వెళ్లాం. బయటి నుంచి ఎన్నోసార్లు చూశాను, లోపలికి వెళ్లడం ఇదే మొదలు. కొట్లో జనం లేరు. కొనేవాళ్లు ఇద్దరుంటే అమ్మేవాళ్లు ఆరుగురు. కూర్చోమన్నారు, నాక్కూడా గాజు గ్లాసులో నీళ్లు ఇచ్చారు. ఒకాయన తెల్ల చేతి తొడుగులు వేసుకుని, పళ్లెంలాంటి దాంట్లో ఆడవాళ్ల చేతి సంచి పెట్టి తెచ్చాడు. మా ఊళ్లో తాంబూలం తెచ్చే పద్ధతి అది. ధర చీటీ లోపలి జేబులో దాక్కుని ఉంది, నా బొటనవేలి గోరంత. 1,85,000.

మావాడు కార్డు పెట్టాడు, మిషను కూసింది, అయిపోయింది. నేను మెట్రోలో కూర్చుని ఫోనులో భాగించి చూశాను. 1,85,000 బై 7,500. ఇరవై నాలుగు నెలలు, పైన 5,000 మిగులు. అంటే నా ఎం.టెక్. మొత్తం, ఇంకో ఇరవై రోజులు.

వాడి మీద నాకు కోపమేమీ లేదు. మంచివాడు. తిరిగి వచ్చేటప్పుడు నా టికెట్టు కూడా వాడే తీశాడు, నిజం చెప్పాలంటే సంచి కంటే అదే కొంచెం గుచ్చుకుంది. నేను అడగదలచింది వేరే. నిన్నటి నుంచి ఏది చూసినా మెస్సు నెలల్లోకి మారిపోతోంది. ఎదురింటి స్కూటరు పదమూడు నెలలు. మా గైడు గారి కళ్లజోడు రెండు నెలలు కావచ్చు. మీలో ఎవరికైనా ఇలా అయిందా? ఎప్పటికి తగ్గింది?

ఉప్మా_వ్యతిరేకి | రాత్రి 10:52

ఆ ఇరవై రోజులు ఎందుకో నేను చెబుతాను. ప్రాజెక్టు నివేదికలో గైడు గారి సవరణలకు.

అది అలా ఉంచండి, తిండి కలిపి 7,500 అన్నారు. చిరునామా పంపండి. మాకు 8,500. సోమ, బుధ, శుక్రవారాలు ఉప్మా. మంగళ, గురువారాలు మిగిలిన ఉప్మా.

లెక్కలపిచ్చి | రాత్రి 11:15

వృత్తిరీత్యా పన్నుల పని చేస్తాను కాబట్టి ప్రభుత్వం కళ్లతో చూసి చెబుతాను. ఆ సంచి ఇంకో పదిహేను వేలు దాటి, అంటే రెండు లక్షల పైన ఉంటే, మీ మిత్రుడు పాన్ నంబరు చెప్పాల్సి వచ్చేది. నోట్ల కట్టలు తీసుకెళ్లినా లాభం లేదు. 2017 ఏప్రిల్ నుంచి ఒకే కొనుగోలుకు రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదని చట్టం. పది లక్షలు దాటిన చేతి సంచులు, చేతి గడియారాలు, బూట్లు, నల్ల కళ్లద్దాల మీద 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం అదనంగా కొట్టువాడే వసూలు చేసి ఖజానాకు కడతాడు. కొన్నవాళ్లు దాన్ని తమ ఆదాయపు పన్నులో సర్దుకోవచ్చు. డబ్బు కోసం పెట్టింది కాదది, ఎవరు కొంటున్నారో తెలియడం కోసం.

ఇక మీ వైపు. హాస్టలు అద్దె మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, వరసగా 90 రోజులు ఉంటే జీఎస్టీ లేదు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది. అంతకు ముందు ఏడాది బెంగళూరు హాస్టళ్ల కేసులోనే పన్నెండు శాతం కట్టాలని తీర్పు వచ్చి పీజీ యజమానులు గగ్గోలు పెట్టారు. పది లక్షల సంచికో నిబంధన, ఇరవై వేల మంచానికో నిబంధన. మీ ఇద్దరినీ రెండు వేర్వేరు కాగితాల్లో గుర్తుపెట్టుకున్నారన్నమాట.

ఉప్మా_వ్యతిరేకి | రాత్రి 11:18

మా పీజీలో ఇరవై వేలు అడిగితే తొంభై రోజులు కాదు, తొమ్మిది నిమిషాలు కూడా ఉండను.

కొత్త_జీతం | రాత్రి 11:47

నేను ఎదురు పక్షం. నాలుగేళ్లు హాస్టల్లో పల్చటి మజ్జిగ తాగి చదివాను. ఉద్యోగం వచ్చిన మూడేళ్లకు 92,000 పెట్టి గడియారం కొన్నాను. అప్పు చేయలేదు, వాయిదాల్లో కొనలేదు. చిన్నప్పుడు మా హెడ్మాస్టరు గారి చేతికి ఉన్న గడియారం చూసి పెట్టుకున్న కోరిక అది. ఎవరైనా దాన్ని ఇన్ని భోజనాలు, ఇందరి చదువులు అని భాగిస్తే నాకు మంట. కష్టపడి తెచ్చుకున్న సంతోషాన్ని భాగహారంలో పెట్టకండి.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఊరికి వెళ్లినప్పుడు నాన్న "ఎంతరా?" అని అడిగితే నోట్లోంచి "నాలుగు వేలు" అని వచ్చింది. ఆయన గడియారం చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని, "నిన్ను మోసం చేశార్రా, కదిరి బస్టాండులో ఇదే పన్నెండు వందలు" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వారం తర్వాత ఫోను చేసి, మామయ్య ముచ్చట పడుతున్నాడు, ఆ నాలుగు వేలదే ఇంకోటి పంపించు అన్నాడు. ఆ రకం ఇప్పుడు చేయడం లేదని చెప్పి బయటపడ్డాను. ఇప్పటికీ ఎప్పుడు ఊరికి వెళ్లినా మామయ్య నా చేతి వైపే చూస్తాడు.

లెక్కలపిచ్చి | రాత్రి 11:55

నాలుగు వేలని మీరే చెప్పారు కదా. మీకూ ఒక భాగహారం ఉంది, నాన్నగారి ముందు మాత్రమే చేస్తారు.

పలమనేరు_పిల్ల | సోమవారం, ఉదయం 6:20

నర్సింగ్ మూడో ఏడాది. నైటు డ్యూటీ నుంచి వచ్చి రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

నా కొలత ఇందిరా క్యాంటీన్, ఇక్కడ ప్రభుత్వం పెట్టిన చౌక భోజనశాల. 2017 ఆగస్టులో మొదలుపెట్టినప్పుడు టిఫిను 5 రూపాయలు, భోజనం 10. ఆ లెక్కన మూడు పూటలూ తింటే రోజుకు పాతిక. అన్నా, మీ సంచి 7,400 రోజులు, అంటే ఇరవై ఏళ్ల మీద మూడు నెలలు. ఇప్పుడు పుట్టిన పాప ఆ సంచి మీద నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిపోతుంది.

నిజంగా నన్ను కలవరపెట్టేది మాత్రం సంచి కాదు, బస్సు. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, కానీ ఈ రాష్ట్రం వాళ్లకే. నా గదిలో మిగతా ఇద్దరూ కోలారు అమ్మాయిలు. ముగ్గురం ఒకే మెట్టు ఎక్కుతాం, ఒకే సీటులో ఇరుక్కుంటాం. వాళ్లకు సున్నా టికెట్టు చిరుగుతుంది, నా ఆధారులో ఊరు చూసి నాకు డబ్బుల టికెట్టు చిరుగుతుంది. కోలారు నుంచి మా ఊరు గంట దూరం. లక్షల సంచి ఉన్నవాళ్లను చూస్తే నాకేమీ అనిపించదు, వాళ్ల లోకం వేరు. పక్క సీటులో కూర్చున్నదాని సున్నా టికెట్టు చూస్తే మాత్రం రోజూ ఏదో అనిపిస్తుంది. మొదటి అన్న చెప్పిన మెట్రో టికెట్టు సంగతి నాకు బాగా అర్థమైంది.

నిప్పులాంటి_నిజం | ఉదయం 9:05

ఇదంతా అసూయకు వేసిన ముసుగు. లేనివాడు లెక్కలు వేస్తాడు, ఉన్నవాడు కొంటాడు. చదువుకోవడానికి వచ్చినవాడికి మాల్‌లో ఏం పని?

ఉప్మా_వ్యతిరేకి | ఉదయం 9:08

ఏసీ.

వేదిక_నిర్వాహకుడు | ఉదయం 9:30

వ్యక్తుల మీదకు వెళ్లకండి. ఉప్మా గారూ, మీ జవాబు నిబంధనలకు లోబడే ఉంది, ఉంచుతున్నాను.

ధర్మవరం_పడుగు | మధ్యాహ్నం 1:40

నిప్పు గారి మాటకు జవాబు చెప్పాలని కాదు, నా దగ్గర ఇంకో కొలత ఉంది.

బెంగళూరులో సిల్క్ బోర్డు కూడలి అంటే అందరికీ ఆగిపోయిన బండ్లే గుర్తొస్తాయి. మా ఇంట్లో అది పట్టు పేరు. మాది గుంట మగ్గం. నాన్న కాళ్లు నేల లోపల, నడుము నుంచి పైన బయట. పట్టు హిందూపురం, రామనగర వైపు నుంచి వస్తుంది, జరీ సూరత్ నుంచి. అమ్మ కండెలు చుడుతుంది. కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, వచ్చిందంటే పాత పోగు కొసకు కొత్త పోగు కొస నలిపి అతకాలి, వేలల్లో ఉంటాయి. అది చేసే రోజు మా ఇంట్లో ఫ్యాను వేయరు. జోరు వానలకు గుంటలో చెమ్మ ఊరితే మగ్గం ఆగుతుంది. నాన్న నేసే రకం చీరకు పన్నెండు రోజులు పడుతుంది, కూలి ఆరు వేలు. సరుకు షావుకారుది.

పోయిన నెల మా గది అమ్మాయి, వాళ్ల అక్క పెళ్లికని నన్ను జయనగర్‌లో ఒక పట్టు చీరల కొట్టుకు తీసుకెళ్లింది. నేను కూర్చున్నాను, వాళ్లు చూస్తున్నారు. ఒక చీర పరిచారు. మామిడి పిందెల అంచు, ముదురాకుపచ్చ. 38,000. మాదే అని చెప్పను, మా వీధిలో అలాంటి అంచు పది మగ్గాల మీద ఉంటుంది. నాకు తెలియకుండానే చెయ్యి వెళ్లి కొంగు తిప్పి వెనక పక్క చూసింది. వెనకవైపు పోగులు ఎలా కత్తిరించారో చూస్తే నేసినవాడి ఓపిక తెలుస్తుందని నాన్న అంటాడు. కొట్లో ఆయన ఒక్క క్షణం ఆగి, కన్నడం మానేసి తెలుగులో "మీరు మగ్గాల వాళ్లా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత ఆయన మా గది అమ్మాయితో ధర సంగతి మాట్లాడేటప్పుడు గొంతు కొంచెం తగ్గించాడు.

మీ సంచి నా లెక్కలో ముప్పై ఒక్క చీర. 372 రోజులు. పండగలు, వానలు, పడుగు అతికే రోజులు కలపలేదు.

అయితే నాకు లగ్జరీ అంటే కోపం లేదు. కోపం పెట్టుకుంటే మా ఇంటి మగ్గం మీదే పెట్టుకోవాలి. ముప్పై ఎనిమిది వేల చీర కొనేవాళ్లు లేకపోతే ఆ ఆరు వేలు కూడా లేవు. హాస్టలు ఫీజు ఆ చీరల్లోంచే వస్తోంది. మిగిలిన ముప్పై రెండు వేలు ఎక్కడెక్కడ ఆగుతాయో మాత్రం ఎవరైనా నాకు వివరంగా చెబితే బాగుండు.

లెక్కలపిచ్చి | మధ్యాహ్నం 2:10

అన్నీ లాభం కాదమ్మా. పట్టు, జరీ ఖరీదే సగానికి దగ్గరగా ఉండవచ్చు. షావుకారు పెట్టుబడికి వడ్డీ, కొట్టు అద్దె, అమ్మకుండా మిగిలిపోయే చీరల నష్టం, జీఎస్టీ. ఇవన్నీ తీసేసినా నేసినవాడికి ఆరోవంతు కూడా దక్కలేదన్నది నిజమే. దానికి నా దగ్గర సర్దిచెప్పే మాట లేదు.

చెప్పుల_జత | మధ్యాహ్నం 3:25

ధర్మవరం గారి మాట మీద ఒకటి. నేను ధారవాడలో చదివి ఇక్కడికి వచ్చాను. ఏడేళ్లుగా కొల్హాపురి చెప్పులే వేస్తాను, చౌక కాబట్టి. 2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ ప్రదర్శనలో ఇటలీ కంపెనీ ప్రాడా దాదాపు అవే చెప్పులు వేయించి నడిపించింది, ముందు ఎక్కడివో చెప్పలేదు. ఇక్కడ గొడవయ్యాక స్ఫూర్తి భారతదేశం నుంచే అని ఒప్పుకుంది. ఆ చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా జిల్లాల్లో చేసినవాటికే ఆ పేరు చెల్లుతుంది: మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు. మా ధారవాడ అందులో ఒకటి. డిసెంబరుకల్లా రెండు రాష్ట్రాల చర్మ పరిశ్రమ సంస్థలతో ఒప్పందం చేసుకుని రెండు వేల జతలు ఇక్కడే చేయిస్తామన్నారు.

అప్పటి నుంచి నా కాళ్ల వైపు క్లాసులో కొంచెం మర్యాదగా చూస్తున్నారు. చెప్పులు అవే. కుడి దానికి మేకు కూడా కొట్టించాను.

నల్లకోటు | రాత్రి 11:50

ఈ చర్చ మధ్యాహ్నం నుంచి దాచుకుని దాచుకుని చదువుతున్నాను. ఫోను పని వేళల్లో బయటకు తీయకూడదు.

నేను అటు పక్క మనిషిని. ఒక ఖరీదైన కొట్లో అమ్మకాలు. ఎక్కడో చెప్పను. మాది కుప్పం. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లుగా ఈ పని. ఆ చేతి తొడుగులు నాకూ ఉన్నాయి, మూడు జతలు, రాత్రి నేనే ఉతుక్కుంటాను. కోటు కొట్టువాళ్లు ఇచ్చారు, బూట్లు నావి. తొమ్మిది గంటలు నిలబడాలి, కుర్చీ కొనేవాళ్లకు మాత్రమే. బూట్ల అడుగు రెండుసార్లు మార్పించాను, పైన మెరుగు మాత్రం రోజూ ఉండాల్సిందే. మధ్యాహ్నం భోజనం వెనక గుమ్మం నుంచి బయటికి వెళ్లి, రోడ్డు దాటి, బండి దగ్గర చిత్రాన్నం.

మూడో_అంతస్తు తమ్ముడూ, మీరు గ్లాసు నీళ్ల సంగతి రాశారు. కొననివాళ్లకు కూడా ఇవ్వాలనే మాకు నేర్పిస్తారు. దాని వెనక వ్యాపారం ఉంది, ఇవాళ తోడు వచ్చినవాడు పదేళ్లకు కొనడానికి రావచ్చని. కానీ నేను ఇచ్చేటప్పుడు అది గుర్తుండదు. చెప్పులేసుకుని వచ్చి కొన్నవాళ్లను చూశాను, సూటు వేసుకుని వచ్చి గంటసేపు ఫొటోలు దిగి వెళ్లినవాళ్లనూ చూశాను. మనిషిని చూసి చెప్పడం మానేశాను.

రాత్రి మూసేముందు బయటి అద్దం తుడవడం మాలో చిన్నవాడి వంతు. మొదటి ఏడాది అది నా పనే. వేలి ముద్రలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తే ఎవరు వచ్చారో తెలుస్తుంది. మోకాలెత్తున ఉన్నవి పిల్లలవి. ముక్కు ముద్ర కూడా ఉంటుంది, గుండ్రంగా. ఛాతీ ఎత్తున ఉన్నవి మీలాంటి చదువుకునే పిల్లలవి, అర చెయ్యి మొత్తం కాదు, రెండు వేళ్లు మాత్రం, తాకీ తాకనట్టు. కొనేవాళ్ల ముద్రలు అద్దం మీద ఉండవు. వాళ్లు నేరుగా తలుపు తోస్తారు.

ధర్మవరం చెల్లెలు కొంగు వెనక పక్క చూసినట్టే, సరుకు తెలిసినవాళ్లు మా దగ్గర సంచి లోపల కుట్టు చూస్తారు. అలాంటివాళ్లు నెలకు ఇద్దరు వస్తే గొప్ప. ఇంకో సంగతి, పేరున్న ఆ గోధుమరంగు అక్షరాల సంచులన్నీ తోలువని చాలామంది అనుకుంటారు. కాదు. నూలు కాన్వాసు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూత. లూయీ విట్టాన్ 1854లో పారిస్‌లో ప్రయాణపు పెట్టెల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ అక్షరాల గుడ్డ 1896లో ఆయన కొడుకు తెచ్చాడు, నకిలీల బాధ పడలేక. ఇప్పుడు ప్రపంచంలో బాగా ఎక్కువగా నకిలీ చేసేవాటిలో అదీ ఒకటి. పట్టీలు, అంచులు మాత్రం తోలు. మొదట లేత రంగులో ఉంటుంది, చేతి చెమట, ఎండ తగిలి కాలం గడిచే కొద్దీ ముదురుతుంది. అదే అందమని కొనేవాళ్లకు చెప్పాలి.

ఒకసారి మా అమ్మ వచ్చింది. సెలవు రోజు చూసి తీసుకెళ్లాను, మా మేనేజరు సరే అన్నారు. అమ్మ సంచి అంతా తడిమి, నోరు తెరిచి మూసి చూసి, "జిప్పు గట్టిదేనా?" అని అడిగింది. నాలుగేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. ధర మాత్రం అడగలేదు. అడిగితే కొత్త_జీతం గారిలా నేనూ నాలుగు వేలనే చెప్పేవాణ్ణి.

కొత్త_జీతం | మంగళవారం, అర్ధరాత్రి 12:15

అన్నా, ఆ వేలి ముద్రల్లో రెండు నావే అయ్యుంటాయి. కొనేముందు ఎనిమిది నెలలు బయటి నుంచే చూశాను.

జయనగర్_పాతకాపు | ఉదయం 7:10

నేను 1989లో బెంగళూరు వచ్చాను. చదువు, తర్వాత ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగం, ఇప్పుడు విశ్రాంతి. పెద్దవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే సర్దుకోండి.

మా రోజుల్లో చూడటానికి బ్రిగేడ్ రోడ్డు, కమర్షియల్ స్ట్రీట్ ఉండేవి. ఆదివారం ముగ్గురం మిత్రులం అటూ ఇటూ రెండుసార్లు నడిచి, ఎం.జి. రోడ్డు ఇండియా కాఫీ హౌస్‌లో కూర్చునేవాళ్లం. తెల్ల దుస్తులు, తలపాగాల సర్వర్లు. ఒక్కొక్కరికి ఒక్క కాఫీ, గంటన్నర. ఆయన నీళ్లు పోసి వెళ్లేవాడు, లేవమని ఎప్పుడూ అనలేదు. 2009లో దాన్ని అక్కణ్ణుంచి తీసేసి చర్చ్ స్ట్రీట్‌కు మార్చారు. చదువు పుస్తకాలకు అవెన్యూ రోడ్డు. ఇప్పటికీ అక్కడ పాత పుస్తకాలు దొరుకుతాయి, పిల్లలు గుర్తుపెట్టుకోండి. ముందు ధర చెప్పనివ్వాలి, మీరు చెప్పకూడదు.

అప్పట్లో నా కొలత కాఫీ. చొక్కా అంటే ఎన్ని కాఫీలు, ఊరికి రైలు అంటే ఎన్ని కాఫీలు. ఉద్యోగం వచ్చాక పోతుందనుకున్నాను. పోలేదు. ఇప్పుడు మా అమ్మాయి పెద్ద ఉద్యోగం చేస్తుంది, శనివారాలు నన్నూ మాల్‌కు తీసుకెళ్తుంది. మొదట్లో నేను ధర చీటీ తిప్పి చూస్తుంటే "నాన్నా, చూడకు" అని గొణిగేది. ఇప్పుడు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తనే లోపలికి వెళ్తుంది. అక్కడ నాలాంటివాళ్లు నలుగురైదుగురు ఉంటారు, సంచులకు కాపలా. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. పోయిన వారం పక్కాయన, మాలూరు వైపు ఆయన, నా ఒళ్లోని సంచిలోకి తొంగిచూసి, "ఇదెన్ని పాల లీటర్లు?" అన్నాడు. కన్నడంలోనే అన్నాడు కానీ, మా ఇద్దరిదీ ఒక భాషే.

కాబట్టి తమ్ముడూ, ఎప్పటికి తగ్గుతుందని అడిగారు. నేను ఈ ఊరు వచ్చి ముప్పై ఆరేళ్లు దాటింది, ఇంకా చూస్తున్నాను.

పలమనేరు_పిల్ల | ఉదయం 7:45

బెంచీ తాతలు అందరూ ఒక వేదిక పెట్టుకోవాలి.

నిప్పులాంటి_నిజం | ఉదయం 10:20

నేను అన్నదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. మాల్‌లో ఏం పని అన్నాను. 2024 జులైలో మాగడి రోడ్డులో ఒక మాల్ దగ్గర పంచె కట్టుకుని సినిమాకు వచ్చిన రైతును లోపలికి వెళ్లనివ్వలేదు. శాసనసభలో గొడవయింది, ఆ మాల్‌ను ఏడు రోజులు మూయిస్తామని మంత్రి ప్రకటించాడు. ఆ రోజు నేను ఇంకో వేదికలో "ఎవరైనా ఎక్కడికైనా వెళ్లవచ్చు" అని పేజీలు పేజీలు రాశాను. మా నాన్న కూడా పంచె కడతాడు. నిన్న ఇక్కడ రాసింది మళ్లీ చదువుకుంటే, ఆ కాపలాదారు మాటలాగే ఉంది.

అసూయ అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోను. అసూయ ఉంటుంది. ఉందని ఒప్పుకుంటే తప్పేమీ లేదు.

మూడో_అంతస్తు | రాత్రి 9:30

ఉంది. ఒప్పుకుంటున్నాను. సంచి మీద కాదు, ధర వైపు చూడకుండా కార్డు పెట్టిన ఆ క్షణం మీద. నేను మెస్సు పక్క కొట్లో అరటిపండు కొనేటప్పుడు కూడా ఆరు రూపాయలా ఏడా అని ముందే అడుగుతాను. అడగకుండా కొనడం ఎలా ఉంటుందో ఒక్కరోజు తెలుసుకోవాలని ఉంది.

ఇవాళ మావాడితో మాట్లాడాను. వాళ్లమ్మ సంచి చూసి ఏమందో అడిగాను. ఎంతైందని అడిగిందట. వీడు తొమ్మిది వేలు అన్నాడట. అంత పెట్టాలా అని రాత్రి భోజనం దాకా కోప్పడిందట. వాళ్లది అయిదు అంతస్తుల ఇల్లు.

కొత్త_జీతం | రాత్రి 9:33

తొమ్మిది వేలా! ధైర్యవంతుడు.

మూడో_అంతస్తు | రాత్రి 9:50

ఇంకొక్క విషయం, ఇది మొదట రాయలేదు, సిగ్గేసి. విమానంలో చోటు చాలదని వాడు సంచిని గుడ్డ తొడుగులో చుట్టి పట్టుకెళ్లి, అట్టపెట్టె నాకు ఇచ్చేశాడు. గట్టి పెట్టె, మూతకు అయస్కాంతం, లోపల మెత్తటి కాగితం. మా గదిలో అంత అందమైన వస్తువు ఇంకోటి లేదు. అమ్మ పంపిన సీసాలు రెండూ అందులో పెట్టి మంచం కింద తోశాను.

ఉప్మా_వ్యతిరేకి | రాత్రి 9:54

పిచ్చి పని చేశారు. పాత సామాన్ల యాప్‌లలో పేరున్న కంపెనీల ఖాళీ పెట్టెలకు కూడా ధర పలుకుతుంది. నిన్న వెతికాను, ఉత్త పెట్టెకు వెయ్యి, రెండు వేలు అడుగుతున్నారు. మీ లెక్కలో వారం మెస్సు!

మూడో_అంతస్తు | బుధవారం, ఉదయం 8:15

పెట్టాను. 1,500 అని రాశాను. అరగంటలో ఒకాయన అడిగాడు, లోపలి ఫొటో పంపమన్నాడు. సీసాలు తీసి చూస్తే ఆవకాయ మూత దగ్గర నూనె ఊరి, అడుగున రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. అలాగే ఫొటో తీసి పంపాను. ఆ మరక ఏమిటని అడుగుతున్నాడు. ఏమని రాయమంటారు?

ఉప్మా_వ్యతిరేకి | ఉదయం 8:17

కాలం గడిచే కొద్దీ రంగు ముదురుతుంది, అదే అందం అని రాయండి. నల్లకోటు గారే చెప్పారు.

నల్లకోటు | ఉదయం 8:40

పెట్టె సంగతి వదిలేయండి. ఆవకాయ ఏ ఊరిది?